వచ్చిపోయేవాళ్లు, ఉండిపోయేవాళ్లు

(డాక్టర్ ఇసబెల్ కెర్ స్మృతిలో నిజామాబాద్‌లో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



నిజామాబాద్‌లో హైదరాబాద్ బస్సెక్కితే కాసేపటికే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడి గుట్ట మీది రామాలయాన్ని చూడటానికి దూరదూరాల నుంచి వస్తారు. అదే డిచ్‌పల్లిలో ఉన్న విక్టోరియా ఆసుపత్రి గురించి ఈ జిల్లా బయట తెలిసినవాళ్లు తక్కువ. దాన్ని మొదలుపెట్టిన డాక్టరమ్మ పేరు జిల్లాలోనే చాలామంది విని ఉండరు.

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లో పుట్టారు. అబర్డీన్‌లో వైద్యం చదివి 1903లో పట్టా పుచ్చుకున్నారు. ఆడవాళ్లు డాక్టర్లు కావడం వాళ్ల దేశంలోనూ అరుదుగా ఉన్న రోజులవి. 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్ ప్రాంతంలో ఆమె ఎన్నో రోగాలు చూశారు. కుష్ఠు సోకినవాళ్లకు మాత్రం వైద్యమూ లేదు, ఊళ్లో చోటూ లేదు. ఆమె పని చూసి కదిలిన నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ డబ్బిచ్చారు. 1915లో డిచ్‌పల్లి కేంద్రం నిలబడింది. డాక్టరు క్రైస్తవురాలు, దాత హిందువు, రాజ్యం నిజాముది. వందేళ్ల కిందటే ఈ నేల మీద అలాంటి పని ఒకటి జరిగింది.

కుష్ఠుకు అప్పట్లో ఉన్న మందల్లా అడవిబాదం జాతి గింజల నుంచి తీసే నూనె. తాగిస్తే కడుపులో తిప్పేది. సూదితో ఎక్కిస్తే నొప్పి పుట్టేది. అదైనా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వేయించుకోవాలి. వారం వారం అంత నొప్పి ఓర్చుకోవాలంటే రోగికి మందు మీద కన్నా మందు వేసే మనిషి మీద నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం సంపాదించిన ఇసబెల్‌కు 1923లో బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో కన్నుమూసేదాకా ఆమె పని ఇక్కడే. అంటే పాతికేళ్లు.

ఈ ఉపన్యాసం ఆ పాతికేళ్ల చుట్టూనే తిరుగుతుంది. తన భాష కాని చోట, తన ఆచారం కాని మనుషుల మధ్య, ఎవరూ లేరనుకునే పిల్లలకు సేవ చేయాలని ఈ రోజుల్లో ఎందరో బయల్దేరుతున్నారు. కొందరు రెండు వారాలకు వస్తారు, కొందరు ఒక ఆదివారం మధ్యాహ్నానికి. వాళ్ల మనసు మంచిదే. వాళ్ల రాక పిల్లలకు ఏం చేస్తోందన్న ప్రశ్న మాత్రం అడగకుండా వదిలేయడం న్యాయం కాదు.

కుష్ఠు ఆశ్రమాల చరిత్రలో తలచుకుంటే కష్టం కలిగించే పేజీ ఒకటుంది. ఆ కాలంలో మన దేశమంతటా అలాంటి చోట్ల, రోగం లేని పిల్లల్ని రోగులైన తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఇళ్లలో పెంచడం ఒక విధానంగా సాగింది. చేసినవాళ్లు క్రూరులు కారు. రోగం అంటుతుందన్న భయం నిజం, గట్టి మందు లేకపోవడమూ నిజం. 1940లలో డాప్సోన్ అనే మందు వచ్చింది. 1980లలో మూడు మందులు కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స వచ్చింది. దాంతో రోగి ఇంట్లోనే ఉండి, బిడ్డను ఒళ్లో పెట్టుకునే మందు మింగి బాగుపడే రోజులొచ్చాయి. విడదీయాల్సిన కారణం పోయింది కాబట్టి విడదీయడమూ ఆగింది.

ఇప్పటి అనాథాశ్రమాల గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. ప్రపంచంలో ఎక్కడ లెక్క తీసినా, ఇలాంటి సంస్థల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలుతోంది. వాళ్లను ఇల్లు దాటించింది చాలాసార్లు పేదరికమే. దానికి మందు లేదని ఎవరూ అనలేరు.

ఈ జిల్లాలో ఒక బిడ్డ ఆశ్రమం గడప ఎలా తొక్కుతుందో చూడాలంటే బోధన్ వైపు వెళ్లాలి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు తలరాత మార్చింది. కాలువ నీళ్లతో వరి, చెరుకు వచ్చాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల భూములు కొని స్థిరపడ్డారు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, జీతం రోజున కిటకిటలాడే బజారు, అన్నీ దాని చుట్టూ పెరిగాయి. బోధన్ బస్టాండులో పది నిమిషాలు నిలబడితే తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, నాందేడ్ వైపు మరాఠీ, తండాల లంబాడీ అన్నీ చెవిన పడతాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి తాళం పడింది. కార్మికులకే కాదు, చెరుకు నరికే కూలీకి, బండి తోలేవాడికి, హోటల్లో కప్పులు కడిగేవాడికి కూడా పని పోయింది.

చాలా ఊళ్ల కథ గల్ఫ్‌తో ముడిపడి ఉంటుంది. ఆర్మూర్, బాల్కొండ వైపు నుంచి తరాలుగా దుబాయ్‌కి, సౌదీకి, మస్కట్‌కు పోతున్నారు. అప్పు చేసి వీసా కొనుక్కున్న తండ్రికి అక్కడ ఏదైనా అయితే ఆ అప్పు ఇక్కడి తల్లి మీద పడుతుంది. ఆమె బీడీలు చుడుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే, ఒకరినైనా రెండు పూటలా అన్నం, చదువు దొరికే చోట పెడదామనుకుంటుంది. తెలిసినవాళ్లు చెబితే వెళ్లి ఒక ఆశ్రమంలో చేర్పిస్తుంది. పండక్కి వచ్చి చూసి పోతుంది. ఆ బిడ్డను అనాథ అని రాసుకున్న రోజున, ఉన్న తల్లి కాగితం మీద లేకుండా పోతుంది.

అపరిచిత సంస్కృతి అనగానే తెల్లదొరలు, తెల్లదొరసానులు గుర్తొస్తారు. అది సగమే నిజం. హైదరాబాద్ హైటెక్ సిటీ నుంచి వారాంతంలో వచ్చే ఉద్యోగి ఈ పిల్లలకు అబర్డీన్ నుంచి వచ్చిన మనిషంత కొత్తే కావచ్చు. తండాలో పెరిగిన ఆరేళ్ల పిల్లకు బడిలో తెలుగు రెండో భాష. మద్నూర్ సరిహద్దు నుంచి వచ్చిన పిల్లాడు కలలో మరాఠీ మాట్లాడతాడు. ఒకరికి జొన్నరొట్టె లేనిదే తిన్నట్టుండదు. ఒకరింట్లో రంజాన్ ఉపవాసం పెద్దపిల్లలకూ ఉంటుంది. బతుకమ్మ ఆడి పెరిగిన పిల్లే పీర్ల పండుగకు అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడి ఉంటుంది. వీళ్లందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి, ఒకే పాట నేర్పి, ఒకే ప్రార్థన చెప్పిస్తే బయటి మనిషికి క్రమశిక్షణ కనిపిస్తుంది. పిల్లకు మాత్రం ఇంటి గుర్తు ఒకటి చెరిగిపోతుంది. వచ్చీ రాగానే చాలామంది వాలంటీర్లు అడిగే మొదటి ప్రశ్న, మీ అమ్మానాన్న ఏం చేస్తారు? ఆ ఒక్కటి అడగకుండా ఉన్నా ఆ పిల్లకు మేలే.

ఇంకో అనుభవం ఇలాంటి చోట్లకు వెళ్లినవాళ్లందరికీ ఉంటుంది. గేటు లోపల అడుగు పెట్టగానే చిన్నపిల్లలు పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంటారు. చేయి పట్టుకుంటారు, ఎత్తుకోమంటారు. వచ్చినవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి, ఎంత ప్రేమగల పిల్లలో అనుకుంటారు. కాస్త ఆగి ఆలోచించాలి. ఇంట్లో పెరిగిన మూడేళ్ల బిడ్డ కొత్త మనిషిని చూస్తే అమ్మ కొంగు చాటుకు పోతుంది. అది ఆరోగ్యానికి గుర్తు. ఎవరొచ్చినా ఒకేలా చేతులు చాచే బిడ్డ, ఎవరూ తనవాళ్లుగా నిలవని చోట పెరుగుతోందని మానసిక వైద్యులు చెబుతారు. వచ్చిన మనిషి రెండు వారాలు ఎత్తుకు తిప్పి, ఏడుస్తూ వీడ్కోలు చెప్పి రైలెక్కితే, ఆ బిడ్డకు మరో తెగతెంపు జరిగినట్టే. మళ్లీ నెలకు ఇంకొకరు వస్తారు. ఏడాదిలో ఎన్నిసార్లు ఒక పసిగుండె అలా తెగి అతుక్కోగలదు?

దీనికి సాక్ష్యం రొమేనియాలో దొరికింది. అక్కడి నియంత నికొలే చౌషెస్కు పాలన పడిపోయాక ఆ దేశపు అనాథాలయాలు లోకానికి తెలిశాయి. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు బుకారెస్ట్‌లో 136 మంది చిన్నపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. చీట్లు తీసినట్టుగా సగంమందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు పంపారు, మిగతావాళ్లు సంస్థల్లోనే ఉన్నారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు తెలివితేటల్లో, మాటల్లో, మనుషులతో అనుబంధంలో ముందుకు సాగారు. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. సంస్థల్లో ఉన్నవాళ్లకు లేనిది అన్నమో, మందో కాదు. రోజూ అదే మొహం, అదే గొంతు, అదే ఒడి.

కంబోడియా ఇంకో పాఠం. అక్కడ 2005 నుంచి 2010 దాకా ఐదేళ్లలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ ఐదేళ్లలో అనాథలు అంతగా పెరగలేదు. పెరిగింది పర్యాటకులు. విదేశీయులు వస్తారు, చూస్తారు, డబ్బిస్తారు కాబట్టి ఆశ్రమాలు వెలిశాయి. ఆశ్రమాలు నిండాలి కాబట్టి పేద తల్లిదండ్రుల దగ్గరికి మనుషులు వెళ్లారు. ఆస్ట్రేలియాలో 2017 నాటి పార్లమెంటు విచారణ, ఆధునిక బానిసత్వంపై చట్టం అవసరాన్ని పరిశీలిస్తూ, ఈ వ్యాపారాన్ని కూడా చూసింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అనాథాశ్రమాల్లో వాలంటీరు పర్యటనల వల్ల పిల్లలకు కలిగే హానిని తన తీర్మానంలో ప్రస్తావించింది.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 1999లోనూ 2001లోనూ హైదరాబాద్‌లో బయటపడ్డ దత్తత కుంభకోణాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. లంబాడీ తండాల్లో పేద తల్లుల నుంచి ఆడపిల్లల్ని కొద్ది డబ్బుకు తీసుకొని విదేశీ దత్తతలకు పంపే దారులు అప్పుడు వెలుగులోకి వచ్చాయి. ఆ తర్వాత 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పేదరికం కారణంగా బిడ్డను వదులుకునే పద్ధతిని ఆపుతూ ఉత్తర్వు ఇచ్చింది. మంచి మనసున్న కొనుగోలుదారు ఒకరు సముద్రం అవతల ఎదురుచూస్తుంటే, ఇవతల ఒక తల్లి ఒడి ఖాళీ చేయడానికి దళారులు పుట్టుకొస్తారని ఆ తండాలు చూపించాయి.

ఇక మన సొంత అలవాటు దగ్గరికి రావాలి. నిజామాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, కరీంనగర్‌లోనైనా బిడ్డ పుట్టినరోజొస్తే అనాథాశ్రమంలో భోజనం పెట్టించడం ఇప్పుడు ఆనవాయితీ. అమ్మానాన్నల సంవత్సరీకానికి అన్నదానం, పెళ్లిరోజుకు స్వీట్లు. ఇచ్చే చేతిని తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు, అన్నదానం మన ఇళ్లలో పెద్దలు నేర్పిన పుణ్యం. కానీ హాలులో ఏం జరుగుతుందో చూడండి. కేకు వస్తుంది, ముప్పై మంది పిల్లలు తమకు తెలియని పిల్లాడి కోసం చప్పట్లు కొడుతూ పాట పాడతారు. పుట్టినరోజు బిడ్డ అమ్మానాన్నల మధ్య నిలబడి కోస్తాడు. అందరూ వరుసగా నిలబడి ఫోటో దిగుతారు. తమ పుట్టినరోజు ఎప్పుడో కొందరికి తెలియదు. బిర్యానీ తిన్నాక దండం పెట్టించుకొని కార్లు వెళ్లిపోతాయి. ఆగస్టు 15న నాలుగు రకాల స్వీట్లు పేరుకుపోతాయి, మే నెల ఎండల్లో చెడిపోయిన బోరు మోటారుకు డబ్బులుండవు.

ఆ ఫోటోల విషయంలో చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ పత్రికల్లో, ప్రసారాల్లో బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు ఒక్క క్షణం ఆ పిల్ల పదేళ్ల తర్వాత పెళ్లిచూపుల్లో కూర్చుని ఉంటుందని తలచుకుంటే చేయి దానంతటదే ఆగుతుంది.

మరి సేవ చేయాలనుకునేవాళ్లు ఏం చేయాలి? ఇసబెల్ కెర్ లాగా పాతికేళ్లు ఇవ్వమని ఎవరినీ అడగలేం. కానీ కొద్దికాలం ఉండేవాళ్లు చేయాల్సిన పని ఎక్కువకాలం ఉండేవాళ్లకు తోడ్పడటమే. పిల్లలకు తల్లిలాంటిది రాత్రిపూట జ్వరం వస్తే లేచే ఆయా. ఆమె జీతం సమయానికి అందుతోందా, ఆమెకు వారానికి ఒక సెలవు ఉందా, ఒక్కదాని చేతికింద ఎంతమంది పిల్లలున్నారు? ఇంకో ఆయాను పెట్టుకోవడానికి ఏడాది పాటు జీతం ఇచ్చే దాత, పుట్టినరోజు కేకుల కన్నా వంద రెట్లు పిల్లల బతుకు మారుస్తాడు. నర్సు వారానికోసారి వచ్చి ఆయాలకు ప్రథమ చికిత్స నేర్పవచ్చు. లెక్కల మాస్టారు పిల్లలకు కాక, సాయంత్రం ట్యూషన్ చెప్పే డిగ్రీ కుర్రాడికి పాఠం చెప్పే పద్ధతి నేర్పవచ్చు. కంటి డాక్టరు, పళ్ల డాక్టరు, కరెంటు పనివాడు, ఆధార్‌లో తప్పులు సరిదిద్దించగల ఉద్యోగి, వీళ్ల రాక పిల్లలకు గాయం చేయకుండా పని చేసి పోతుంది.

పిల్లలతోనే ఉండాలనుకుంటే నియమం పెట్టుకొని ఉండాలి. ఒక విద్యా సంవత్సరమంతా అదే రోజు, అదే గంట, అవే నలుగురు పిల్లలు. రాలేనప్పుడు ముందే చెప్పాలి. వెళ్లిపోయేటప్పుడు ఎప్పుడు వెళ్తున్నదీ నెల ముందే చెప్పి, నిజం చెప్పి వెళ్లాలి. మళ్లీ వస్తానని అబద్ధం ఆడకూడదు. డల్లాస్, న్యూజెర్సీల నుంచి తాతయ్య ఇంటికి వచ్చే మన పిల్లలు కాలేజీ దరఖాస్తుల కోసం సేవా గంటలు పూర్తి చేసుకోవడానికి జూన్, జూలైల్లో ఆశ్రమాలకు వెళ్తుంటారు. అప్పుడే ఇక్కడ బడులు తెరుస్తారు. వాళ్లు గ్రంథాలయంలో పుస్తకాలు సర్ది జాబితా రాసిపెడితే, పాత కంప్యూటర్లు బాగుచేసి ఇస్తే, ఆ గంటలు చక్కగా నిండుతాయి.

పిల్లల్ని ఊరు కదలనీయకుండా సాయం చేయడం కుదురుతుందా అంటే అనంతపురం చూడాలి. స్పెయిన్ నుంచి 1952లో జెస్యూట్ మిషనరీగా వచ్చిన విసెంటె ఫెర్రర్ మొదట పనిచేసింది మన్మాడ్‌లో. నిజామాబాద్ మీదుగా పోయే రైలు మార్గం చివరి ఊరు అదే. 1968లో ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంది. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. ఆయన, భార్య ఆన్ ఫెర్రర్ నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టులో స్పెయిన్ దాతలు ఒక్కొక్క బిడ్డ పేరు మీద డబ్బు పంపుతారు. ఆ డబ్బు ఊరి బడికి, ఇళ్లకు, ఆసుపత్రికి వెళ్తుంది. బిడ్డ అమ్మ దగ్గరే ఉంటుంది. ఫెర్రర్ 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. ఆయనా వచ్చి, ఉండిపోయినవారే.

మన జిల్లాలో కూడా బిడ్డను ఇంట్లో నిలిపే దారులు కాగితం మీద ఉన్నాయి, వాటిని తల్లి గడపకు చేర్చేవాళ్లు తక్కువ. తెలంగాణలో ఒంటరి మహిళలకు, బీడీ కార్మికులకు 2019 నుంచి నెలకు 2,016 రూపాయల పింఛను ఉంది. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద భర్త చనిపోయిన లేదా వదిలేసిన తల్లి, తీవ్రమైన జబ్బున్న తల్లిదండ్రులు, అనాథను పెంచుతున్న బంధువులు బిడ్డకు నెలకు 4,000 రూపాయల ప్రాయోజకత్వం కోరవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. బీడీలు చుట్టే తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? దరఖాస్తు ఎవరు నింపాలి? మరణ ధ్రువీకరణ పత్రం సౌదీ నుంచి తెప్పించాలంటే ఎవరి దగ్గరికి పోవాలి? తెలుగు, ఉర్దూ, మరాఠీ తెలిసిన ఇద్దరు కాలేజీ పిల్లలు వారానికో పూట బోధన్‌లో ఆ పని చేసినా కొందరు పిల్లలు ఆశ్రమానికి వెళ్లనక్కర్లేదు.

అలా నిలిపినా, నిజంగానే ఎవరూ లేని పిల్లలు కొందరుంటారు. వాళ్ల విషయంలో వాలంటీర్లు అసలు చూడని వయసు ఒకటుంది, పద్దెనిమిది. ఆ పుట్టినరోజు దాటగానే పెట్టె సర్దుకొని గేటు బయటికి రావాలి. చట్టంలో ఇరవై ఒకటో ఏడు దాకా అనంతర సంరక్షణ అని ఉంది. అయినా గది అద్దెకు తీసుకోవాలంటే పూచీ ఇచ్చే పెద్దమనిషి కావాలి, ఉద్యోగ దరఖాస్తులో శాశ్వత చిరునామా రాయాలి, ఆసుపత్రిలో సంతకం పెట్టే మనిషి ఉండాలి, దసరాకు వెళ్లడానికి ఒక ఇల్లుండాలి. ఇక్కడ బయటి మనిషి పసిబిడ్డ మనసుతో ఆడుకుంటున్నట్టు కాదు. అవతల ఉన్నది వయసొచ్చిన మనిషి, స్నేహం వద్దనుకుంటే చెప్పగలడు. నిజామాబాద్‌లో, బోధన్‌లో ఇల్లున్న ప్రతి కుటుంబమూ అలాంటి ఒక అబ్బాయికో అమ్మాయికో పూచీ సంతకం పెట్టి, తమ ఇంటి నంబరు రాసుకోనిచ్చి, పండక్కి రమ్మని ఫోన్ చేస్తే చాలు. ఈ సభ నుంచి వెళ్తూ ఎవరైనా ఆ పని మొదలుపెట్టాలనుకుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగవచ్చు, ఈ ఏడు పద్దెనిమిది నిండేవాళ్లు ఎవరెవరున్నారని.